సాఫ్టువేరు పని బయటివారికి అప్పగించునపుడు

(సంఘ సభ్యుల సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



మన సభలలో భాషను గూర్చియు, పాఠశాలలను గూర్చియు మాటలాడుట అలవాటు. ఈనాటి విషయము అట్టిది కాదు. కాని గడచిన రెండు మూడు సంవత్సరములనుండి మన కార్యాలయమునకు వచ్చు సభ్యులు అడుగు ప్రశ్నలలో ఒకటి మరల మరల వినవచ్చుచున్నది. "మా వ్యాపారమునకు తగినట్లు ఒక ప్రోగ్రాము చేయించుకొనదలచితిమి. ఆ పని ఏ కంపెనీకి ఇయ్యవలెను?" షోలాపురమున తువ్వాళ్లు నేయించు కుటుంబములవారు అడుగుచున్నారు, బరంపురమున పట్టుబట్టల దుకాణదారులు అడుగుచున్నారు, హోసూరులో యంత్రభాగములు చేయు చిన్న కార్ఖానాదారులు అడుగుచున్నారు. తండ్రితాతలు నిలిపిన వ్యాపారపు లెక్కలన్నియు పరాయివారి చేతిలో పెట్టు పని యిది. కావున మాకు తెలిసినంతవరకు మనవి చేయుదుము.

మొదట ఒక మాట. బజారులో సిద్ధముగా దొరకు వస్తువును ప్రత్యేకముగా చేయించుకొననక్కరలేదు. జమాఖర్చులకును, జి.ఎస్.టి. లెక్కలకును బెంగుళూరునుండి వచ్చు ట్యాలీ వంటివి ఉన్నవి. మీ వ్యాపారములో మీకు మాత్రమే ఉన్న పద్ధతి యేదో, దానికి మాత్రమే వేరుగా ప్రోగ్రాము చేయింపుడు. ఇంతమాత్రము విచారించుకొనినచో అనేకులకు బయటి కంపెనీతో పనియే ఉండదు. మిగిలినవారిని ఉద్దేశించియే ఈ ప్రసంగము.

పని బయటికి ఇచ్చుట మనకు కొత్త కాదు. మనలో నేతపని ఎరిగిన కుటుంబములు చాలా కలవు. సావుకారు నూలు తూచి ఇచ్చును. నేతగాడు తన యింట మగ్గముపై నేసి బట్ట తెచ్చును. సావుకారు ఆ బట్టను మరల తూచును, పొడవు కొలుచును, పడుగు పేకలు చూచును, కూలి చెల్లించును. ఈ కూలినేతలో నూలు ఎవరిదో, మగ్గము ఎవరిదో, బట్ట ఎవరిదో చిన్నపిల్లవానికి సైతము తెలియును. సాఫ్టువేరు పనిలోను ఈ మూడును ఉన్నవి. మన ఖాతాదారుల పేర్లు, ధరలు, బాకీలు మన నూలు. వారి నైపుణ్యమును, వారి పరికరములును మగ్గము. తయారైన ప్రోగ్రాము బట్ట. అయితే చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, నేసిన బట్ట మన కొట్టులోనికి వచ్చును, ప్రోగ్రాము రాదు. అది ఎక్కడనో అద్దె కంప్యూటరుపై నడచుచుండును. మనము కిటికీలోనుండి చూచినట్లు దానిని చూచుచుందుము. తాళముచెవి ఎవరియొద్ద ఉన్నదని అడుగుటకు తోచదు.

మాకు పరిచయమైన ఒక టోకు వర్తకుడు కలడు. ఆయన ఇద్దరు యువకుల చిన్న కంపెనీచేత ఆర్డర్ల ప్రోగ్రాము చేయించెను. అది మంచి ప్రోగ్రామే. నాలుగేండ్లు చక్కగా నడచెను. పిమ్మట ఆ యువకులు వేరు ఉద్యోగములలో కుదిరి కంపెనీ మూసివేసిరి. వెబ్‌సైటు పేరు వారి పేరుననే ఉన్నది. సర్వరు అద్దెయు వారి పేరుననే. అద్దె గడువు ముగియుచున్నదను ఉత్తరములు ఎవరును చూడని ఒక ఈమెయిలుకు పోయినవి. ఒకనాటి ఉదయము దుకాణము తెరచి చూచునప్పటికి ఆర్డర్లు లేవు, బాకీల పట్టికయు లేదు. ఆయన బాకీదారులనే అడిగి బాకీలు తిరిగి వ్రాసికొనవలసివచ్చెను. కొందరు సత్యము చెప్పిరి.

ఇందులో మోసము లేదు. యువకులు చెడ్డవారును కారు. పని కుదుర్చుకొన్ననాడు విడిపోవు సంగతి ఎవరును ఎత్తలేదు, అంతే. పెండ్లిమాటలలో విడాకుల ప్రస్తావన అశుభమందురు. వ్యాపారపు మాటలలో అది లేకపోవుటయే అశుభము. కావున ఏ కంపెనీ ప్రతినిధి మీ యెదుట కూర్చుండినను, "మీరు ఏమేమి చేయగలరు?" అని అడుగుటకు ముందు, "మనము విడిపోవునాడు మీరు మాకు ఏమేమి అప్పగింతురు?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు వెనుదీయక జవాబు చెప్పువానిని కూర్చుండబెట్టి కాఫీ ఇయ్యవచ్చును.

అప్పగించవలసినది ఏమనగా: సోర్సుకోడు మొత్తము, అది పని జరుగుచున్నంతకాలము మీ పేరనున్న గిట్ ఖాతాలోనే చేరుచుండవలెను, చివరిదినమున ఇత్తుమను మాట చాలదు. వెబ్‌సైటు పేరును, సర్వరును మీ పేరున, మీ డబ్బుతో, మీ ఈమెయిలుతో తీసికొనవలెను. ఆండ్రాయిడు ఫోనులకు ప్రోగ్రాము చేయించినచో గూగుల్ ప్లే ఖాతాయు మీదే కావలెను. కంపెనీవారికి ప్రవేశము ఇయ్యవచ్చును, స్వామ్యము ఇయ్యరాదు. ఇవియన్నియు మొదటి వారములో అయితే ఖర్చు స్వల్పము; నాలుగేండ్ల తరువాత అయితే తగవు.

ఇక చట్టము. "మేము డబ్బు చెల్లించితిమి కనుక ప్రోగ్రాము మాదే" యని మన వర్తకులు నమ్ముదురు. మన దేశపు చట్టము అట్లు చెప్పుటలేదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో చేసిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచనలలో చేరినది. నన్నయ భట్టు వారసులలో మన కోడు వ్రాయువారును చేరిరన్నమాట! ఆ చట్టము 17వ విభాగము ప్రకారము రచనకు మొదటి హక్కుదారు రచయిత. జీతమునకు పెట్టుకొన్న ఉద్యోగి వ్రాసినది యజమానికి చెందును. కాని బయటి కంపెనీ మీ ఉద్యోగి కాదు. డబ్బిచ్చి ఫొటో తీయించుకొన్నవానికి, చిత్రము వ్రాయించుకొన్నవానికి ఆ విభాగమే హక్కు కల్పించినది. ప్రోగ్రాము వ్రాయించుకొన్నవానికి కల్పింపలేదు. వ్రాతపూర్వకముగా సంతకముతో హక్కు బదలాయించినప్పుడే అది మీదగును.

ఆ బదలాయింపులోను మెలకువ కావలెను. 19వ విభాగము ప్రకారము ఎన్ని సంవత్సరములకో వ్రాయనిచో ఐదు సంవత్సరములకే అని భావింతురు. ఏ ప్రాంతమునకో వ్రాయనిచో భారతదేశమునకే అని భావింతురు. విదేశములకు తువ్వాళ్లు ఎగుమతి చేయు షోలాపురపు సోదరులు ఈ రెండవ వాక్యమును గుర్తించవలెను. బదలాయించుకొన్న హక్కును ఒక సంవత్సరములోగా వినియోగింపకున్నచో, ఒడంబడికలో వేరుగా వ్రాసియుండనిచో, అదియు పోవును. "పూర్ణకాలమునకు, సమస్త ప్రపంచమునకు, వినియోగింపకున్నను చెల్లునట్లు" అను నాలుగు మాటలు కాగితముపై చేర్చుటకు కానీ ఖర్చు లేదు. కంపెనీవారు తమ పాత పనులనుండి కొన్ని భాగములు తెచ్చి మీ ప్రోగ్రాములో వాడుదురు. వాటిపై హక్కు వారిదే ఉండుట న్యాయము. వాటిని మీరు ఎల్లకాలము వాడుకొనుటకు అనుమతి మాత్రము వ్రాయించుకొనుడు.

పెద్ద కంపెనీయా చిన్న కంపెనీయా అని అడుగుదురు. పేరు పెద్దదైనచో నిశ్చింత అని మనవారి భావము. హెర్ట్జ్ అను అమెరికా కార్ల అద్దె కంపెనీ 2016లో తన వెబ్‌సైటును, ఫోను ప్రోగ్రాములను కొత్తగా చేయుటకు అక్సెంచరు కంపెనీకి పని ఇచ్చెను. 2019 ఏప్రిలులో హెర్ట్జ్ న్యాయస్థానమునకు ఎక్కెను. 3 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా చెల్లించినను వాడదగిన వెబ్‌సైటు చేతికి రాలేదని దావాలో వ్రాసికొనెను. అక్సెంచరువారు ఆ ఆరోపణలను అంగీకరింపలేదు. ఎవరిది తప్పో తేల్చుట మన పని కాదు. ఆ దావాలో ఒక చిన్న సంగతి మాత్రము మనకు పనికివచ్చును. వెబ్‌సైటు పెద్ద కంప్యూటరులోను, ఫోనులోను, ఈ రెంటికి నడుమనున్న టాబ్లెటులోను సరిగా కనబడవలెనని తాము కోరగా, టాబ్లెటు పనికి వేరే సొమ్ము అడిగిరని హెర్ట్జ్ ఫిర్యాదు. కోట్ల డాలర్ల పనిలో సైతము "పూర్తియైనది" అను మాటకు ఇరువురి మనసులలో రెండు అర్థములు ఉండవచ్చును. పని పూర్తియగుట అనగా ఏమో, ఏ పరీక్షలో నెగ్గవలెనో ముందే తెలుగులోనో మీకు తెలిసిన భాషలోనో వ్రాసికొని, ఆ పిమ్మట ఇంగ్లీషు కాగితములో పెట్టింపుడు.

సత్యము కంపెనీ కథ మనలో చాలామందికి ఇంటి కథవంటిది. 1987లో హైదరాబాదున పుట్టి, వేలాది తెలుగు కుటుంబములకు అన్నము పెట్టిన సంస్థ అది. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు రామలింగరాజు లెక్కలు తప్పని తానే లేఖ వ్రాసెను. లేని నగదు 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్లు చూపబడినది. ప్రభుత్వము కొత్త పాలకవర్గమును నియమించెను. కొద్ది నెలలలోనే టెక్ మహీంద్ర ఆ కంపెనీని తీసికొనెను. అచ్చువేసిన వార్షిక నివేదికలు చూచి భాగస్వామిని ఎంచుకొన్నవారికి ఆనాడు ఆ నివేదికలు ఎందుకును కొరగాలేదు. మా అభిప్రాయములో, మన స్థాయి పనులకు పదిమందినుండి ముప్పదిమంది వరకు ఉన్న కంపెనీ అనుకూలము. పెద్దవారికి మనము చిల్లర గిరాకీ. ఇద్దరే ఉన్నచోట ఒకనికి జ్వరము వచ్చినను పని నిలిచిపోవును. ఏదైనను, మాటలాడుటకు వచ్చిన సూటుబూటు పెద్దమనిషిని కాక, పని చేయబోవు మనిషిని చూపుమని అడుగుడు. వివరముల పుస్తకములో ఒక పేరు, పనిలో మరియొక పేరు ఉండుట ఈ వృత్తిలో సామాన్యము.

ఎంచుకొనుటకు మాకు తెలిసిన ఉత్తమ మార్గము ఒక్కటే: చిన్న పని ఇచ్చి చూచుట. దానికి కూలి చెల్లింపుడు, ఉచితముగా చేయింపవలదు. ఉచితపు పనిలో ఎవరి గుణమును తెలియదు. తువ్వాళ్ల కార్ఖానాయే అనుకొందము. మొత్తము ప్రోగ్రాము కాక, సరుకు పంపునపుడు వ్రాయు చలాను ఒక్కటి మూడు వారములలో చేయుమనుడు. అప్పుడు వారు ఏమి చేయుదురో గమనింపుడు. ఒకడు మీరు చెప్పినదంతయు తల ఊపుచు వ్రాసికొని, మూడవ వారమున అందమైన రంగుల పేజీ తెచ్చును. మరియొకడు మీ గిడ్డంగిలో సగము దినము ఒక మూల కూర్చుండును. మీరు డజనులలో అమ్మి కిలోలలో తూచుచున్నారని చూచును. చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని రకము నిర్ణయించుచున్నారని వినును. "డజనుకు బరువు తగ్గినచో గుమాస్తా ఏమి చేయును? తిరిగి వచ్చిన సరుకు ఏ ఖాతాలో పడును? కరెంటు పోయినప్పుడు చలాను ఎట్లు వ్రాయుదురు?" అని విసిగించును. "మీరడిగిన ఈ పట్టిక అక్కరలేదు, దానికి డబ్బు తగులబెట్టవలదు" అని కూడ అనును. ఈ రెండవవాని పేజీకి రంగులు లేకున్నను పని అతనికే ఇయ్యుడు. ఆ సగము దినమున గుమాస్తాతో అతడు ఎట్లు మాటలాడెనో కూడ గుమాస్తానే అడుగుడు. రేపు ప్రోగ్రాముతో కాపురము చేయువాడు గుమాస్తా, మీరు కారు.

"మనవాడే, తెలుగువాడే" అను మాటకు ఇక్కడ వచ్చుచున్నాము. రాష్ట్రము కాని రాష్ట్రమున ఉన్న మనకు హైదరాబాదునుండి ఒక తెలుగు గొంతు ఫోనులో వినబడగనే మనసు కరగును. భాష ఒక్కటైనచో లాభము కలదు. ఇంట లెక్కలు చూచు ఆడవారు తమ పద్ధతిని తమ మాటలలో వివరింపగలరు. కాని మీ గుమాస్తా మరాఠీవాడో, ఒడియావాడో, తమిళుడో అయినప్పుడు ఆ యూరి కంపెనీయే మేలుగా అర్థము చేసికొనవచ్చును. మనము ఉన్న నేల భాషవారిని కాదని దూరమున వెదకుట వ్యాపారమునకును, ఇరుగుపొరుగు స్నేహమునకును మంచిది కాదు. బంధువుల కుర్రవానికి ఇత్తుమందురా, ఇయ్యుడు. ఒడంబడిక మాత్రము పరాయివానితో వలెనే వ్రాసికొనుడు. వ్రాయనిచో ప్రోగ్రాముతోపాటు బంధుత్వమును పోవును.

తెలుగు మాట వచ్చినది గనుక పేర్ల సంగతి చెప్పక తీరదు. మన కుటుంబములకు మాత్రమే ఉన్న చిక్కు ఇది. షోలాపురములోని అన్న మహారాష్ట్ర పద్ధతిని తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అని వరుసగా వ్రాయును. చెన్నపట్టణములోని తమ్ముడు ఇంటిపేరు విడిచి, తండ్రి పేరులోని మొదటి అక్షరమును తన పేరునకు ముందు పెట్టుకొనును. తెలుగునాట ఉన్న దాయాది ఇంటిపేరుతోనే మొదలుపెట్టును. ఇంగ్లీషు పుస్తకము చూచి ప్రోగ్రాము వ్రాసినవాడు "మొదటి పేరు, చివరి పేరు" అని రెండు గళ్లు గీయును. తమ్ముని చివరి పేరు గడి ఖాళీగా ఉన్నదని ప్రోగ్రాము ముందునకు సాగదు. దాయాది బిల్లు అతని ఇంటిపేరుననే పడి, ఆ యింటిపేరుగల మరి నలుగురి బిల్లులలో కలిసిపోవును. పేరంతయు ఒకే గడిలో వ్రాయనిచ్చి, ఇంటిపేరు వేరుగా ఇష్టమున్నవారే వ్రాయునట్లు చేయుమనుడు. అక్షరములు యూనికోడులో నిలువచేయుమనుడు. పాత అచ్చుపనికి వాడిన ఫాంట్లలో కొట్టిన పేర్లు కంటికి తెలుగువలె కనబడును గాని వెదకినచో దొరకవు. పరీక్షకు ఇచ్చు పేర్లలో జ్ఞానమ్మ, కృష్ణమూర్తి వంటివి తప్పక ఉండవలెను. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను మన అక్షరము ఒక్కటి సందేశములో వచ్చుటతోనే ఆపిల్‌వారి ఐఫోనులలో ఆ ప్రోగ్రాములు ఆగిపోయినవి. వారు అదే నెలలో 11.2.6 అను సవరణ పంపి సరిచేసిరి. అంతటివారికే మన అక్షరము కొరుకుడుపడనప్పుడు, చిన్న కంపెనీవారు పరీక్షింపక మానుటకు మీరు ఒప్పుకొనరాదు.

సమాచార రక్షణ విషయము గొప్ప కంపెనీలకే గాని మనకేల యనుకొనవలదు. 2024 జులై చివర సి-ఎడ్జ్ అను కంపెనీ సాంకేతిక సేవలపై ఆధారపడిన చిన్న సహకార, గ్రామీణ బ్యాంకులు సుమారు 300, చెల్లింపుల వ్యవస్థనుండి తాత్కాలికముగా వేరుచేయబడినవి. ఆ కంపెనీ కంప్యూటర్లలో డబ్బు గుంజు దుష్ట ప్రోగ్రాము ప్రవేశించుటయే కారణము. ఆ బ్యాంకుల తలుపులు పగులలేదు; వారు పని అప్పగించినవారి ఇంట దొంగలు పడిరి. కావున మీ కంపెనీవారు మీ పనిని మరియొకరికి తిరిగి అప్పగింతురా అని అడిగి, మీ అనుమతి లేక అప్పగింపరాదని వ్రాయించుకొనుడు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము ప్రకారము, పని చేసినది బయటి కంపెనీయే అయినను ఖాతాదారులకు జవాబుదారు మీరే. భద్రతలో లోపమునకు జుల్మానా 250 కోట్ల రూపాయలవరకు ఉండవచ్చును. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్య బాధ్యతలు అప్పటినుండి 18 నెలలకు అమలగునట్లు నిర్ణయించిరి. ఇట్టి ప్రమాదము తెలిసిన 6 గంటలలోగా ప్రభుత్వ సంస్థయైన సెర్ట్-ఇన్‌కు తెలుపవలెనని 2022 నాటి ఆదేశము కలదు. మీ కంపెనీవాడు మూడవనాడు తీరికగా చెప్పినచో మీ గడువు ఎప్పుడో ముగిసియుండును. విద్యార్థి వేతనములకై బాలబాలికల వివరములు సేకరించు మనవంటి సంఘములకు ఇంకను జాగ్రత్త కావలెను. 18 ఏండ్లలోపువారి విషయమున తల్లిదండ్రుల సమ్మతి అవసరము.

డబ్బు సంగతి క్లుప్తముగా. ధరపై 18 శాతము జి.ఎస్.టి. ఉండును, చెప్పిన ధర దానితో కలిపియో విడిగానో అడుగుడు. కనబడిన పనికే వాయిదాలు చెల్లింపుడు. చివరి వాయిదా, ప్రోగ్రాము మీ దుకాణమున ఒక నెల నడచిన పిమ్మట. అన్నింటికంటె తక్కువ ధర చెప్పినవాడు పని సగములో ధర పెంచుట తరచుగా చూచుచున్నాము. ఏటేటి మరమ్మతునకు ఎంత తీసికొందురో మొదటనే తేల్చుకొనుడు. తగవు వచ్చినచో ఏ యూరి న్యాయస్థానమో కాగితము చివర చిన్న అక్షరములలో ఉండును. బరంపురపు వర్తకుడు బెంగుళూరు కోర్టు మెట్లు ఎక్కలేడు.

కొన్న పిమ్మట ఒక పని మానవద్దు. మూడు నెలలకొకసారి మీ లెక్కల బ్యాకప్పును వేరొక కంప్యూటరులో తెరచి చూడుడు. తెరువని బ్యాకప్పు ఉన్నదో లేదో ఎవరికి తెలియును?

ఒడంబడికలో ఉండవలసిన షరతుల చిత్తుప్రతిని తెలుగులోను, ఇంగ్లీషులోను సిద్ధపరచి సంఘ కార్యాలయమున ఉంచితిమి. హక్కు బదలాయింపు, తాళముల అప్పగింత, తిరిగి అప్పగింపరాదను షరతు, న్యాయస్థానపు ఊరు, ఇవి నాలుగును అందులో ఎఱ్ఱసిరాతో గుర్తింపబడినవి. సభ్యులు ప్రతి తీసికొని తమ వకీలుకు చూపి మార్చుకొనవచ్చును. ఇప్పటికే పని జరుగుచున్నవారు తమ కాగితములు వెంట తెచ్చినచో ఆదివారము ఉదయము కూర్చుండి చదివి చెప్పుటకు మాలో ఇద్దరు అంగీకరించిరి.